ట్రాక్టర్ గేరు చూసి నల్లమల దారిలో

కోడుమూరులో ఓ ట్రాక్టర్ షెడ్డు ముందు టీ తాగుతున్నా. "యాడికి పోతాండావన్నా?" అన్నాడు మెకానిక్. నల్లకాల్వలో వైఎస్ స్మృతివనానికి అని చెప్పా. చేతిలోని గేరు నాకు చూపించాడు. పళ్లు నీలంగా మాడి, అరిగిపోయి ఉన్నాయి. "ఆయిల్ లేకుండా తోలినారు. ఆ హెలికాప్టర్‌కీ ఇదే అయిందంట గదా?"

ఈ మాట చాలాసార్లు విన్నా. కానీ నిజం వేరు.

2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి చిత్తూరుకు బయల్దేరిన బెల్ 430 పావురాలగుట్టపై కూలింది. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురు చనిపోయారు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌లో తేడా ఉందన్న హెచ్చరిక వచ్చిన మాట వాస్తవమే. దాని సంగతి చూడ్డంలోనే పైలట్లకు విలువైన నిమిషాలు పోయాయి. అయితే హెలికాప్టర్‌ను కిందికి తోసేసింది మాత్రం బలమైన గాలి అని విచారణ కమిటీ తేల్చింది. గేర్లు కాదు.

మరి ఆ హెచ్చరికకు అంత కంగారెందుకు? ఇంజిన్ టర్బైన్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, పైన రెక్కలు కొన్ని వందలే. మధ్యలో ఆ భారమంతా మోసేది గేర్లే. ఆయిల్ పోతే పళ్లు రాసుకుని వేడెక్కుతాయి, మామూలు గేరు ఉక్కు మెత్తబడుతుంది. అందుకే పైరోవేర్ 53 లాంటి ఉక్కులు తయారుచేశారు. ఇందులో మాలిబ్డినం 3 శాతం పైన, రాగి 2 శాతం దాకా ఉంటాయి. వేడిలోనూ గట్టిదనం త్వరగా పోదు. అలాగని ఆయిల్ లేకుండా ఎంతసేపైనా తిరుగుతుందని కాదు. దిగడానికి చోటు వెతుక్కునేంత టైమ్ ఇస్తుంది, అంతే.

ఆ టైమ్ విలువ అదే ఏడాది మార్చి 12న కెనడా పక్క సముద్రంలో తెలిసింది. ఎస్-92 గేర్‌బాక్స్ ఫిల్టర్ దగ్గర టైటానియం బోల్టులు విరిగి, ఆయిల్ కారిపోయింది. పెద్ద హెలికాప్టర్లు ఆయిల్ లేకుండా 30 నిమిషాలు ఎగరాలని రూలు. ఆయిల్ మొత్తం పోవడం దాదాపు జరగదన్న లెక్కతో దీనికి మినహాయింపు దొరికింది. 11 నిమిషాలకే నీళ్లలో పడింది. 18 మందిలో బతికింది ఒక్కరు. నాకైతే ఆ మినహాయింపే అసలు నేరంలా అనిపిస్తుంది.

కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు... నల్లరేగడి చేలు పోయి చెట్లు మొదలవుతాయి. స్మృతివనం రోడ్డు పక్కనే. పావురాలగుట్ట మాత్రం అడవి లోపల ఎక్కడో. వానాకాలంలో వెళ్లండి. మబ్బులు దిగి గుట్టల కొనలు కనిపించవు.