ఇంటికి సరిపడని బండి

చీర నచ్చకున్నచో పెట్టె యడుగున నుంచి మఱచిపోవచ్చును. పాత్ర సరిపడకున్నచో అటకపైకి చేర్పవచ్చును. వాకిట నిలిచి నెలనెల వాయిదాసొమ్ము నడుగు వస్తువును మాత్ర మట్లు మఱచుటకు వీలుకాదు. దానిని జూచినప్పుడెల్ల కొన్న దినము జ్ఞప్తికి వచ్చును. ఈ కాలమున మధ్యతరగతి గృహములలో నిట్టి వస్తువు మోటారుసైకిలు. దాని నుంచుకొనవలెనా, మార్చివేయవలెనా యనునది మగవారి ప్రశ్నగా తోచును. కాని వాయిదాసొమ్ము వంటయింటి ఖర్చును తగ్గించియే బయటికి పోవును గనుక నిది గృహిణి ప్రశ్నయు నగును. మా యింట నడచిన యోజన కొందఱు సోదరీమణుల కుపకరింపవచ్చునని యిచ్చట వ్రాయుచున్నాను.

మా పెద్దల కాలమున నీ చింతకు తావులేదు. పర్మిట్ల రోజులలో స్కూటరు కావలెనన్న పేరు నమోదు చేయించుకొని యేండ్ల తరబడి కాచుకొనవలసి యుండెడిది. చేతికి వచ్చిన బండి నచ్చకున్నను, ఇచ్చిన వెలకంటె నెక్కువ యిచ్చి కొనువారు సిద్ధముగా నుండెడివారు. ఇప్పుడట్లు కాదు. ఉదయమున చూచిన బండిని సాయంకాలమునకు అప్పుతో సహా యింటికి దెచ్చుకొనవచ్చును. కొనుట యెంత సులభమైనదో, యోచించుట కంత వ్యవధి తగ్గినది. కావుననే పశ్చాత్తాపము కొన్న తరువాత వచ్చుచున్నది.

మాది మంగళగిరి. మగ్గములవారివద్ద చీరలు దీసికొని బెజవాడ, గుంటూరు దుకాణములకు చేర్చుట మావారి వృత్తి. మా మామగారు ముప్పది యేండ్లు ఇదే పనిని సైకిలుమీద చేసిరి. కళాశాలలో చదువునాటినుండి మావారికి పెద్ద మోటారుసైకిలుపై మక్కువ. 2025వ సంవత్సరము ఆగస్టు నెలలో, వరలక్ష్మీవ్రతమునకు రెండు దినములు ముందు, ఆ కోరిక తీరినది. షోరూము ధర 1,92,000 రూపాయలు. జీవితకాలపు పన్ను, భీమా మొదలగునవి చేరి మొత్తము 2,30,000 అయినది. 80,000 చేతినుండి యిచ్చి, మిగిలిన లక్షన్నర అప్పుగా దీసికొని, ముప్పదియాఱు వాయిదాలకు సంతకము చేసిరి. వాయిదా నెలకు సుమారు 4,900 రూపాయలు.

మొదటి నెల యంతయు సంతోషముగ గడచెను. రెండవ నెలలో 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి 350 సి.సి. లోపు బండ్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది. లెక్క చూడగా మా బండి అసలు వెల 1,50,000. దానిపై పన్ను పూర్వము 42,000, ఇప్పుడు 27,000. ఏడు వారములు ఆగియున్నచో 15,000 మిగిలెడిది. ఆ రాత్రి మావారు అన్నము సరిగా తినలేదు. అంతవఱకు కనబడని లోపములు అప్పటినుండి కనబడసాగినవి. బండి బరువు 190 కిలోలు. మా సందులో వెనుకకు త్రిప్పునప్పుడు వర్షపు తడిలో నొకనాడది ప్రక్కకొఱిగి వారి చీలమండ వాచినది. పదిదినములు వ్యాపారము నిలిచినది. మూటలు పెట్టుటకు చోటు లేదు. మోకాళ్ల నొప్పులుగల మా అత్తగారు ఒకసారి ప్రయత్నించి, "ఏనుగునెక్కమంటే ఎక్కుతాను గాని, దీన్నెక్కడం నావల్ల కాదురా నాయనా" అని దిగిపోయిరి.

సంక్రాంతి దాటిన పిమ్మట మావారు "దీనిని మార్చి స్కూటరు దెత్తును" అనిరి. మఱునాడు "వద్దు, నష్టము వచ్చును" అనిరి. ఇట్లు దినమున కొకమాట యగుచుండగా, కోపములో కొన్నట్లే కోపములో అమ్ముటయు మంచిది కాదని తోచి, మేము విషయమును భాగములుగ జేసి చూచితిమి.

మొదటిది, పోయిన సొమ్ము. పన్ను తగ్గుటచే పోయిన 15,000 బండి యుంచుకొన్నను రాదు, అమ్మినను రాదు. జీవితకాలపు పన్నును అట్లే. అది బండితోబాటు కొన్నవారికి పోవును, మనకు తిరిగి రాదు. కాబట్టి యీ సొమ్ము నుంచుకొనుటకు గాని అమ్ముటకు గాని కారణము కారాదు. నేటినుండి ముందునకు నేది మేలో అదియే చూడవలెను. ఈ మాట యొప్పుకొనుటకు మావారికి వారము దినములు పట్టినది.

రెండవది, తొందర. "ఆలస్యమైనకొలది వెల పడిపోవును" అని దుకాణమువారు చెప్పుదురు. భీమా లెక్కకు వాడు పట్టిక చూడుడు: ఆఱునెలల లోపు బండికి 5 శాతము తరుగు, ఆఱునెలలు దాటి యేడాదిలోపు 15, రెండవయేట 20, మూడవయేట 30, నాలుగవయేట 40, అయిదవయేట 50. బజారు వెల దీనితో సరిగ్గా సరిపోదు గాని, నడక తెలియును. పెద్దదెబ్బ మొదటి యాఱునెలలు దాటగనే పడును. అది మాకప్పటికే పడినది. రెండునెలలు ఆగి యోచించుటచే క్రొత్తగా కొంప మునిగిపోదు.

మూడవది, ఉపయోగము. గోడకు వ్రేలాడు క్యాలెండరులో నొక నెల దినములు బండి పనిని గుర్తు వేసితిమి. ఆ నెలలో బండి కదలినది 21 దినములు. అందు 16 వ్యాపారమునకు, 4 పిల్లను బడికి దింపుటకు, ఒక్కదినము సూర్యలంక సముద్రతీరమునకు. వ్యాపారపు పదియాఱు దినములలో ఏడు దినములు మూటలు ఆటోలో పోగా బండి వట్టిగా వెంట వెళ్లినది. అత్తగారు ఆసుపత్రికి మూడుమార్లు ఆటోలోనే వెళ్లిరి. బండి వాకిట నుండగా ఆటోలకిచ్చినది 2,900 రూపాయలు. ఈ కాగితము చూచువఱకు మాలో నెవ్వరికిని ఆ సంగతి తెలియదు.

నాలుగవది, చక్కబెట్టుకొన దగిన లోపములు. బండిని మార్చుటకు ముందు మెకానికు చేతిలో కుదురునవి యేవో విడదీయవలెను. వెనుక కూర్చుండు స్త్రీకి పట్టుకొనుటకు పిడి, కాళ్లుంచుటకు ఆధారము, వెనుకచక్రమును సగమునకు తక్కువ గాకుండ కప్పు రక్షణ యుండవలెనని కేంద్ర మోటారు వాహన నియమములలో 123వ నియమము చెప్పుచున్నది. చక్రములో బట్ట చిక్కుకొనకుండుటయే దాని యుద్దేశము. అందము చెడునని దానిని విప్పించివేయువారు కలరు. చీరలకు పేరుపడిన మా యూరి స్త్రీలము ఈ యొక్క విషయమున పట్టుబట్టవలెను. పిడి, చక్రపురక్షణ, సీటు మెత్తదనము, ఇవి కొలది సొమ్ముతో కుదురును. బరువు మాత్రము కుదురదు. 190 కిలోల బండిని ఏ మెకానికును 110 కిలోలకు దింపలేడు. మా లోపములలో ముఖ్యమైనది ఆ బరువే.

అయిదవది, వెల. షోరూములో పాతబండి నిచ్చి క్రొత్తది కొనుట సుఖము. ఒకే చోట పని తీరును. కాని వారు దానిని బాగుచేయించి, లాభము వేసికొని, ఆ లాభముపై పన్నును చెల్లించి మఱల నమ్మవలెను గదా! అంతయు మన వెలలోనుండియే తగ్గును. మా కొండమీది పానకాలస్వామి బిందెడు పానకములో సగము స్వీకరించి సగము ప్రసాదముగా వదలునని భక్తుల నమ్మకము. మార్పిడి దుకాణములోను సగము వదలుదురు గాని, దానిని ప్రసాదమని కన్నుల కద్దుకొననక్కఱలేదు. మాకు షోరూమువారు చెప్పినది 1,35,000. దానిపై 5,000 మార్పిడి బహుమానము. ముందుగా పాతబండి మాట యెత్తక క్రొత్త స్కూటరు వెల యడుగుడని నేను చెప్పితిని. అట్లడిగినప్పుడు 3,000 తగ్గింపు వచ్చినది. మార్పిడిలో ఆ తగ్గింపు లేదు. అనగా బహుమానము నిజమునకు 2,000 మాత్రమే. నేరుగా కొనదలచిన యొక ఉపాధ్యాయుడు 1,48,000 ఇచ్చుటకు సమ్మతించెను. వ్యత్యాసము 11,000. ఒక పక్షము దినములు బ్యాంకుచుట్టు, కార్యాలయముచుట్టు తిరుగుట కది చాలిన కూలి యని మాకు తోచెను.

అప్పులో మిగిలినది సుమారు 1,24,500. అమ్మి తీర్చగా చేతికి 23,500 వచ్చును. తగ్గింపు పోను స్కూటరు వెల 98,000. కావలసిన 74,500 అప్పుగా తెచ్చినను, మూడేండ్లకు వాయిదా నెలకు సుమారు 2,440; పాతదానిలో సగము. పెట్రోలు నెలకు అయిదు లీటర్లు తగ్గును. రెండవ ప్రక్క చెప్పకున్న లెక్క న్యాయము కాదు: అప్పు తీరుటకు మఱియేడునెలలు అదనముగ పట్టును, తీరిన తరువాత చేతిలో నుండునది తక్కువ వెలగల వస్తువు. పాత అప్పు ముందుగా తీర్చినందుకు రుసుము వేయుదురో లేదో ఒప్పందపు కాగితములో చదువుకొనవలెను.

ఇక కాగితముల మాట. దీనిని గుఱించి గృహిణులు తప్పక తెలిసికొనవలెను. అప్పున్న బండి ఆర్.సి.పై బ్యాంకు పేరుండును. అప్పు తీర్చి, బ్యాంకు సమ్మతిపత్రముతో 35వ ఫారము పెట్టి, ఆ పేరు తీయింపవలెను. అటుపిమ్మట 29, 30వ ఫారములతో యాజమాన్యము మార్పింపవలెను. అదే రాష్ట్రములో నమ్మినచో అమ్మినవారు 14 దినములలోను, కొన్నవారు 30 దినములలోను తెలియజేయవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. భీమాయును కొన్నవారి పేరునకు మారవలెను. "తరువాత చూచుకొందము" అని తాళముచెవి యిచ్చివేయుట ప్రమాదము. ఆర్.సి.లో నెవరి పేరున్నదో వారే యజమాని యనియు, బండి చేతులు మారినను ప్రమాదము జరిగినచో పరిహారభారము వారిదేననియు 2018లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. పాతబండ్ల వ్యాపారికిచ్చినప్పుడు 29సి ఫారముపై అప్పగింత నమోదు చేయించుపద్ధతి 2023 ఏప్రిలు నుండి యున్నది. ఆ వ్యాపారి అధికార పత్రము గలవాడో కాడో ముందడుగవలెను.

ఇన్ని లెక్కలైన తరువాతను ఒక్కటి మిగిలినది. అది లెక్కకు రాదు. మావారి చిన్ననాటి కోరిక. తండ్రి సైకిలు త్రొక్కుచు మూటలు మోయుట చూచి పెరిగినవారు, ఆ బండిపై రహదారిని పోవునప్పుడు తమ కష్టమునకు ఫలము దక్కినదనుకొనిరి. దానిని అమ్ముట యనగా ఊరివారియెదుట వెనుకకు తగ్గుటయని వారి బాధ. దీనిని వెక్కిరించినచో లెక్కలన్నియు వ్యర్థమగును. నేను వారిని వాదముచే గెలువ దలపలేదు. క్యాలెండరు కాగితము నెదుట నుంచి, "ఈ బండి మీ యొక్కరి చేతనే కదలును. స్కూటరైనచో అత్తగారిని ఆసుపత్రికి నేనే తీసికొనిపోగలను, నాకు లైసెన్సున్నది" అని మాత్రము చెప్పితిని. వారు చాలసేపు మాటాడలేదు. చివఱకు, "సూర్యలంక పోయిన దిన మొక్కటే గదా దీనిని కొన్న పనికి వాడినది" అనిరి. ఫాల్గుణమాసపు తిరునాళ్లు ముగిసిన వారమున, కాగితములన్నియు మారిన తరువాతనే, ఉపాధ్యాయునికి తాళముచెవి యిచ్చిరి.

అందఱును బండ్ల నమ్మివేయుడని నా భావము కాదు. దూరపు ప్రయాణములు నిత్యము చేయువారికి, ఒంటరిగ తిరుగువారికి, బరువు నాపగల బలము గలవారికి అదే బండి ఉచితమైనది కావచ్చును. లోపము మెకానికుచే కుదురునదైనచో కుదిర్చి యుంచుకొనుటయే లాభము. మీ యింట నిట్టి సందేహము కలిగినచో నెలదినములు కాగితముపై గుర్తు వేయుడు, పోయినసొమ్మును ప్రక్కనుంచుడు, రెండుచోట్ల వెల యడుగుడు, పేరు మారువఱకు తాళముచెవి యీయకుడు. అమ్మినప్పటి సిగ్గు నాలుగు దినములలో సమసిపోవును. సరిపడని బరువును నడపువారు మాత్రము ప్రతిదినము మోయవలెను.