సువర్ణరేఖ తీరాన ఒక విద్యానిధి ఆలోచన

ఇనుముతో, ఉక్కుతో వృత్తి జీవితం గడిపిన మాబోటివారికి జంషెడ్‌పూర్ దర్శనం తీర్థయాత్ర వంటిదే. ఒకవైపు దళ్మా కొండలు, మరొకవైపు దోముహానీ వద్ద ఖర్కాయిని తనలో కలుపుకొని సాగే సువర్ణరేఖ, నడుమ కర్మాగారపు పొగగొట్టాలు. 1907లో ఉక్కు కంపెనీ స్థాపితమైన పిమ్మట సాక్చీ గ్రామం వద్ద వెలసిన ఈ పట్టణానికి 1919లో జంషెడ్జీ టాటా పేరు పెట్టారు. బిష్టుపూర్, కదమా వీథులలో తెలుగు మాట చెవిని పడితే ఆశ్చర్యపోనక్కరలేదు. కర్మాగారంలో పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి.

అటువంటి ఒక ఇంట మేము ఆతిథ్యం స్వీకరించాము. ఆ ఇంటి అమ్మాయి కంప్యూటర్ శాస్త్రంలో పిహెచ్.డి. చేస్తున్నది. ఆమె పరిశోధన వ్యాసం ఒక విదేశీ సదస్సుకు ఎంపికైంది. అనేక శాస్త్రాలలో పత్రికా ప్రచురణకే పెద్దపీట. కంప్యూటర్ రంగంలో మాత్రం ప్రధాన సదస్సులలో స్వీకృతమైన వ్యాసానికి అంతటి గౌరవం ఉన్నది. సాధారణంగా రచయితలలో ఒకరు స్వయంగా వెళ్లి దానిని సమర్పించవలసి ఉంటుంది.

ఇందుకు సహాయం దొరకకపోదు. ఎ.సి.ఎం. ఇండియా, ఐ.ఎ.ఆర్.సి.ఎస్. సంస్థలు కలిసి పరిశోధక విద్యార్థులకు ప్రయాణ సహాయం అందిస్తూ వచ్చాయి. సదస్సుల నిర్వాహకులు కూడ కొందరికి తోడ్పడుతుంటారు. చిక్కంతా వేరొకచోట ఉన్నది. ఈ అమ్మాయికి మంజూరైన సొమ్ము, తిరిగివచ్చి రసీదులు సమర్పించిన తరువాతనే చేతికందుతుంది. విమానపు టిక్కెట్టు, వీసా, రిజిస్ట్రేషన్ రుసుము, బస అన్నిటికీ ముందుగానే చెల్లించాలి. 2023 జనవరి నుండి అమలైన జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు నెలకు 37,000 రూపాయలు. అందులో తిండి, బస పోను మిగిలేదెంత? రిటైరైన తండ్రి తన ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద అప్పు తీసి ఆమెను పంపుతున్నారు. "డిపాజిట్ లేనివారి పిల్లల సంగతేమిటండీ?" అని ఆయన మమ్మల్ని ప్రశ్నించారు.

దీనికి సమాధానం ఈ పట్టణానికి పేరిచ్చిన మహనీయుని చరిత్రలోనే ఉన్నదని మాకు తోచింది. ఉక్కు కంపెనీకి పదిహేనేళ్లు ముందుగా, 1892లో, విదేశాలలో ఉన్నత విద్యనభ్యసించే భారతీయులకై జంషెడ్జీ ఒక నిధి నెలకొల్పారు. దాని నుండి ఇచ్చేది ఋణ విద్యావేతనం. ఒకరు తీర్చిన సొమ్ము మరొకరికి దారి ఖర్చవుతుంది. తొలి లబ్ధిదారులలో ఇద్దరు మహిళా వైద్యులున్నారు. అనంతర కాలంలో రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ కూడ ఆ నిధి సాయంతోనే లండన్‌లో చదివారు.

మనలో ఎవరైనా టూరుకు బయలుదేరితే అడ్వాన్సు ముందే చేతికి వస్తుంది. వచ్చాక టి.ఏ. బిల్లు పెట్టి సర్దుబాటు చేసుకుంటాము. అదే పద్ధతిని మన ఉద్యోగుల పిల్లలలో పరిశోధన చేస్తున్నవారికి వర్తింపజేయరాదా? మంజూరు పత్రాన్ని హామీగా ఉంచుకొని, మన పరపతి సంఘం వడ్డీ లేని అడ్వాన్సు ఇచ్చి, సహాయపు సొమ్ము అందగానే జమ చేసుకోవచ్చును. సంఘ సభ్యులు ఈ విషయమై ఆలోచింతురు గాక.