గాజుతొట్టికి అలుగు

మా పిల్లలు ముచ్చటపడగా ఇంట చేపలకొక గాజుతొట్టి నమర్చితిమి. అలుగుగొట్టమును, క్రిందితొట్టినుండి నీరెక్కించు పంపుగొట్టమును తెలియక ఒకే మూల బెట్టితిమి. ఎక్కిన నీరు ఎక్కినట్లే అలుగున బడిపోయెడిది. ఎదుటి మూల నీరు కదలక, మిగిలిన మేత క్రుళ్లి, రెండు చేపలు చచ్చినవి. మా చిన్నది ఆ పూట అన్నము ముట్టలేదు.

మరియొక రాత్రి కరెంటు పోయి పంపు ఆగెను. గొట్టపు మూతి లోతుగా మునిగియుండుటచే పైనీరు వెనుకకు దిగి, క్రిందితొట్టి పొరలి, మావారి పుస్తకములు తడిసినవి. తొట్టి పొడవు 90, వెడల్పు 40 సెంటీమీటర్లు. మూడు సెంటీమీటర్లు దిగినను దాదాపు 11 లీటర్లు గదా! ఈ లెక్క ముందే వేసికొనకపోవుట నా తప్పు.

అలుగు చూడక చెరువు కట్టువారుందురా? ఇప్పుడు అలుగొక మూలను, ధార ఎదుటి మూలను ఉంచితిమి. గొట్టపు మూతిని నీటిమట్టమునకు కొంచెమే దిగువగా నిలిపి, క్రింద 15 లీటర్ల చోటు ఖాళీగా విడిచితిమి. పంపు ఆపి, చుక్కయు పొరలలేదని చూచిన పిమ్మటనే చేపలను విడిచితిమి. నోరులేని ప్రాణిని ఇంటికి దెచ్చుటకు ముందే దాని నీటికి దారి చూపవలయును.