హుస్సేనీ ఆలం: గోల్కొండ బాటలో ఒక సాయంత్రం

హైదరాబాదు చూడవచ్చే యాత్రికులలో చాలామంది చార్మినార్ చూస్తారు, మక్కా మస్జిదులో రెండు రకాతుల నఫిల్ చదువుతారు, లాడ్ బజారులో గాజులు కొనుక్కుని వెనుదిరుగుతారు. ఆ బజారు పడమటి కొస దాటి మరికొంత దూరం సాగితే హుస్సేనీ ఆలం వస్తుంది. అక్కడ టికెట్టు కొని చూడవలసిన కట్టడమేదీ లేదు కాబట్టి ఎవరూ అంత దూరం నడవరు. నిజానికి హైదరాబాదు నగరం ఏ బాట మీద పుట్టిందో ఆ బాట ఈ వాడ గుండానే పోతుంది.

ఇబ్రాహీం కుతుబ్ షా 1578లో మూసీ నది మీద వంతెన కట్టించాడు. నేడు పురానాపూల్ అని పిలుస్తున్నది దానినే. గోల్కొండ కోట నుండి బయలుదేరిన బాటసారి ఆ వంతెన దాటి, దూద్ బౌలి, హుస్సేనీ ఆలం మీదుగా తూర్పుకు సాగి, తుదకు మచిలీపట్నం రేవు చేరేవాడు. కోట లోపల జనం కిక్కిరిసిపోగా, ఇబ్రాహీం కుమారుడు ముహమ్మద్ కులీ 1591లో, అంటే హిజ్రీ వెయ్యవ సంవత్సరం ప్రాంతాన, ఈ బాట మీదనే చార్మినార్ నిలిపి కొత్త నగరానికి పునాది వేశాడు. ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ నగరానికి రూపకల్పన చేశాడు. గోల్కొండ వజ్రాలు తూర్పుకు పోయినా, మచిలీపట్నం అద్దకం బట్టలు పడమటికి వచ్చినా ఈ మార్గాననే. కాబట్టి హైదరాబాదు ఉర్దూ నగరమనీ, తెలుగు ముస్లిములు అక్కడ చుట్టపుచూపుగా వచ్చేవారనీ అనుకోవడం సరికాదు. ఈ నగరానికి ఒక తలుపు గోల్కొండ వైపు ఉంటే, రెండవ తలుపు తెలుగు సముద్రతీరం వైపు తెరుచుకుంది. ఇబ్రాహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచారు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కుతుబ్ షాహీ ఫర్మానాలలో పార్సీతోపాటు తెలుగు కూడా రాసేవారు.

ఇక పేరు సంగతి. ఆలం అంటే ధ్వజం. కర్బలా అమరుడు ఇమాం హుసైన్ (రజి) పేరిట ఇక్కడి ఆషూర్ ఖానాలో నిలిపే ఆలం వల్ల వాడకు ఆ పేరు స్థిరపడింది. మన పల్లెల్లో పీరు అనేది దీనినే; పీర్ల చావడి అంటే ఆషూర్ ఖానాయే. ముహర్రం ఆచారాల గురించి మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. కర్బలా దుఃఖం ఈ నేల మీద ఎంత దూరం ప్రయాణించిందో తెలుసుకోవాలంటే మాత్రం ఈ వీథి పేరు ఒక్కటి చాలు.

మేము కర్నూలు నుండి వచ్చినవారం. నానీ, అమ్మీ, ఇద్దరు ఖాలాలు, ఇద్దరు మామూలు, పిల్లలతో కలిసి తొమ్మిది మందిమి. మాకు దారి చూపడానికి పెద్ద మామూ స్నేహితుడొకరు ఒప్పుకున్నారు. ఆయన ఈ వాడలోనే పుట్టి, నల్లగొండ జిల్లా బడుల్లో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయుడు. ఆయన తెలుగులో నల్లగొండ యాస, ఉర్దూ తీపి కలగలసి ఉంటాయి. మేమందరం మాస్టర్ సాబ్ అనే పిలిచాము. డబ్బు ప్రస్తావన తెస్తే, "పిల్లలు ప్రశ్నలు అడగాలె, అదే నా ఫీజు" అన్నారు.

అసర్ నమాజు తరువాత లాడ్ బజారులో నడక మొదలైంది. గాజుల దుకాణాల ముందు ఎక్కువసేపు నిలవనీయలేదు మాస్టర్ సాబ్. దుకాణాల వెనుక సందులో నిప్పుల కుంపటి ముందు కూర్చున్న ఒక గాజుల పనివాడి దగ్గరకు తీసుకుపోయారు. లక్క ముద్దను వేడికి మెత్తబరచి, సన్నని కడ్డీలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, కొసలు అతికించి, వేడి ఆరకముందే దాని మీద ఒక్కొక్క రాయీ పొదుగుతున్నాడాయన. చల్లబడితే రాయి పట్టదు, వేడెక్కువైతే మునిగిపోతుంది. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ మాట చెబితే అతడు నవ్వి, వేళ్ల కొసల మీది కాలిన మచ్చలు పిల్లలకు చూపించాడు.

బజారు చివర మహబూబ్ చౌక్. ఆరవ నిజాం కాలంలో 1892లో అస్మాన్ జా కట్టించిన గడియార స్తంభం అక్కడ ఉంది. జనం నోట ఇది ముర్గీ చౌక్. కోళ్లు, పావురాలు, రంగురంగుల పిట్టలు ఇక్కడ అమ్ముతారు. పిల్లలను అక్కడి నుండి కదిలించడానికి చిన్న మామూ ఎంత శ్రమపడ్డారో చెప్పనవసరం లేదు. దక్షిణాన చౌమహల్లా ప్రాసాదం ఉంది. దానిని మునుపే చూసి ఉన్నాము కాబట్టి ప్రహరీ పక్కగా సాగిపోయాము.

హుస్సేనీ ఆలం రోడ్డు మీదికి రాగానే నడక నెమ్మదించింది. ఇది దేవిడీల వాడ. దేవిడీ అంటే ముందు సింహద్వారం, లోపల మర్దానా, దాని వెనుక జనానా, నడుమ విశాలమైన సెహన్, అందులో హౌజు లేదా బావి. వాటిలో అనేకం ఇప్పుడు ద్వారాలుగా మాత్రమే మిగిలాయి. కమాను చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని కింది నుండి లోపలికి తొంగిచూస్తే నాలుగంతస్తుల సిమెంటు ఇళ్లు, మోటారు సైకిళ్లు, నీళ్ల డ్రమ్ములు.

వీటిలో పెద్దది ఖుర్షీద్ జా దేవిడీ. నిజాముల తరువాత అంతటి హోదాగల పాయగా వంశీయులది. ఎత్తయిన స్తంభాల వరుసతో ఐరోపా ఫక్కీలో కట్టిన భవనం. ఈ వంశంలో షమ్సుల్ ఉమరా బిరుదు ధరించిన ఫఖ్రుద్దీన్ ఖాన్ పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగంలో సొంత ముద్రణాలయం నెలకొల్పి, పాశ్చాత్య విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేసి అచ్చు వేయించాడు. దేశభాషలలో సైన్సు చెప్పవచ్చునా అని నేటికీ వాదించుకుంటున్న మనం ఆ సంగతి తెలుసుకోవలసి ఉంది. దేవిడీ ఆవరణలోనే హుస్సేనీ ఆలం ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల నడిచింది. ఒకప్పుడు నవాబుల ఉద్యానవనమైన ముందరి మైదానంలో వాడ పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. మేము వెళ్లిన సాయంత్రం కూడా నాలుగు జట్లు ఒకరి బంతి ఒకరికి అడ్డం పడుతూ ఆడుతున్నాయి. మాకు అది అపచారమనిపించలేదు. ఖాళీ జాగా లేని వాడలో పిల్లలు ఆడుకోవడం కంటే మంచి ఉపయోగం ఆ నేలకు ఏముంటుంది!

పాత గోడలు ఎందుకు కూలుతున్నాయో మాస్టర్ సాబ్ ఒక సందులో గోడ మీద వేలితో గీకి చూపించారు. ఈ ఇళ్లు డంగుసున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక గానుగలో నలిగేటప్పుడు బెల్లపు నీళ్లు, మినప జిగురు వంటివి కలిపేవారు. అటువంటి గోడ గాలి పీలుస్తుంది. వానకాలం పీల్చుకున్న తేమను ఎండలో వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. కొన్నేళ్లకు సిమెంటు పెచ్చులు పెచ్చులుగా లేచి, తనతోపాటు సున్నాన్ని కూడా ఊడదీసుకుని పడుతుంది. "ఇల్లు గట్టిపడుతదని చేస్తరు. అదే దానికి జబ్బు" అన్నారాయన. పెద్ద మామూ ఏమీ మాట్లాడలేదు. కర్నూలులో నానా మిద్దె ఇంటికి రెండేళ్ల క్రితం సిమెంటు పూత వేయించే విషయమై బేరమాడి, ఖర్చుకు జంకి మానుకున్నది ఆయనే.

ఆ ఇంటి మాట ఎలాగూ వచ్చింది కాబట్టి చెప్పాలి. నానా నిరుడు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. వెనుక నానీ, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. ఖుర్ఆన్ అన్నిసా సూరాలోని 11, 12 ఆయతుల ప్రకారం లెక్క ఎంతో సులువు. ఇంటిని ఎనిమిది భాగాలు చేస్తే భార్యకు ఒకటి, కొడుకులకు రెండేసి, కూతుళ్లకు ఒక్కొక్కటి. ఆ ఇల్లు 400 గజాలు. కూతురి వాటా 50 గజాలు. బేతంచెర్ల బండలు పరచిన ఆ నడిమింటిని ఎనిమిదిగా ఎవరు కోయగలరు? అమ్మివేసి పంచుకుందామని చిన్న మామూ, నానా జ్ఞాపకంగా ఉంచుదామని పెద్ద మామూ. ఆడపిల్లల వాటా ఊసు మాత్రం ఏడాదిగా ఎవరూ ఎత్తలేదు.

మాస్టర్ సాబ్ ఒక కమాను ముందు ఆగారు. అది ఆయన తాతగారి ఇంటి ద్వారమట. లోపల ఇప్పుడు దుకాణాల సముదాయం ఉంది. తండ్రి తరం వారు పూర్వీకుల పేరు నిలవాలని చెప్పి తమ ముగ్గురు అక్కచెల్లెళ్ల చేత వాటా మాఫీ చేస్తున్నట్లు సంతకాలు పెట్టించారు. పన్నెండేళ్లు తిరగకుండానే అప్పులకు ఇల్లు అమ్మేశారు. చెల్లెళ్లలో ఒకామె చివరి రోజుల్లో అద్దె గదిలో ఉన్నారు. ఆయన ఇదంతా ఉద్రేకం లేకుండా, బడిలో పాఠం చెప్పినట్టే చెప్పారు.

"మా ఆడపిల్లలు అడగరు బాబూ" అన్నారు నానీ.

"అడగలేదని హక్కు పోదు, ఆపా" అన్నారాయన. తరువాత కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు.

మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఒకదాని వెనుక ఒకటిగా ఎన్ని మస్జిదుల నుండి పిలుపు వచ్చిందో లెక్కపెట్టడానికి పిల్లలు ప్రయత్నించి, తొమ్మిది దగ్గర తడబడ్డారు. మగవారు సందు మస్జిదుకు వెళ్లారు. అక్కడ స్త్రీలకు చోటు లేదు. యాత్రలకు బయలుదేరే ముస్లిం స్త్రీలకు ఇది ప్రతి ఊరిలోనూ ఎదురయ్యే ఇబ్బందే. మస్జిదుల పెద్దలు ఆలోచించవలసిన విషయం. మాస్టర్ సాబ్ ముందే చెప్పి ఉంచడం వల్ల ఎదురింటి తలుపు తెరుచుకుంది. స్త్రీలం అందరం అక్కడి దాలానులో నమాజు చేసుకున్నాము.

ఆ ఇల్లు ఇంకా నిలిచి ఉన్న పాత ఇల్లు. చిన్న సెహన్, మూలన దానిమ్మ చెట్టు, మూడు కమానుల దాలాను, గూళ్లలో కుటుంబ చిత్రాలకు బదులు కితాబులు. ఇంటావిడ వయసు అరవై దాటి ఉంటుంది. ఇల్లు ఎలా నిలిచిందని ఖాలా అడిగితే ఆవిడ దాపరికం లేకుండా చెప్పారు. తండ్రి పోయాక వారసులు ఆరుగురు. ఉండాలనుకున్నది ఆవిడ, ఆవిడ తమ్ముడు. ఇద్దరు పరిచయస్తుల చేత అప్పటి ధర కట్టించి, మిగిలిన నలుగురి వాటాలు కాగితం మీద రాసి, సాక్షుల సంతకాలతో బాకీగా ఒప్పుకున్నారు. అప్పు విషయాన్ని రాసుకోమన్న అల్ బఖరా సూరా ఆదేశాన్నే పాటించామన్నారు. వీథి వైపు రెండు గదులు గాజుల పనివారికి అద్దెకిచ్చి, ఆ డబ్బుతో పదకొండేళ్లపాటు బాకీ తీర్చారు. ముందుగా తీర్చింది అక్కచెల్లెళ్ల వాటాలనేనట. "ఇప్పుడు వాళ్లు పండక్కి వస్తే మెహమాన్లలాగా కాదు, ఈ ఇంట్లో హక్కు పుచ్చుకున్నవాళ్లలాగా వస్తరు" అన్నారావిడ. నానీ ఆ కాగితం ఉందా అని అడిగారు. ఉందన్నారు. చూపించమన్నారు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఉన్న ఆ కాగితాన్ని నానీ కళ్లజోడు సవరించుకుని, ఉర్దూ అక్షరాల మీద వేలు పెట్టి, చాలాసేపు చదివారు.

ప్రతి ఇల్లూ ఈ విధంగా నిలవదని మాకు తెలుసు. అద్దె రాని ఊళ్లున్నాయి, ఓపిక పట్టలేని అవసరాలున్నాయి. అటువంటప్పుడు అమ్మి న్యాయంగా పంచుకోవడమే ధర్మం. ఇటుకలను కాపాడటానికి హక్కుదారుల నోరు నొక్కమని దీన్ ఎక్కడా చెప్పలేదు. 2017లో తెలంగాణలో వారసత్వ కట్టడాల పరిరక్షణకు చట్టం వచ్చింది. అయితే సామాన్య కుటుంబం నివసించే ఇంటి సమస్య ముందు తేలవలసింది ఆ ఇంటి దస్తర్‌ఖాన్ దగ్గరే.

చీకటి పడ్డాక షిబ్లీగంజ్ వైపు నడిచాము. అక్కడ జామియా నిజామియా ఉంది. మౌలానా అన్వరుల్లా ఫారూఖీ 1876లో స్థాపించిన విద్యాలయమిది. నాందేడ్‌లో పుట్టి ఇక్కడికి వచ్చిన ఆయన ఆరవ, ఏడవ నిజాములకు గురువు. ఫజీలత్ జంగ్ బిరుదు పొందిన ఆ పండితుడు జామియా ఆవరణలోనే సమాధి అయ్యారు. అరబీ గ్రంథాల ప్రచురణలో లోకప్రసిద్ధి పొందిన దాయిరతుల్ మఆరిఫ్ స్థాపకులలోనూ ఆయన ఒకరు. తెల్లని కుర్తాలలో విద్యార్థులు గుంపులు గుంపులుగా ద్వారం దాటుతున్నారు. ఇక్కడి దారుల్ ఇఫ్తాకు వారసత్వపు ప్రశ్నలు రాసి పంపితే లెక్క కట్టి ఫత్వా ఇస్తారని మాస్టర్ సాబ్ చెప్పగా, పెద్ద మామూ ప్రశ్నను ఏ భాషలో రాయాలో అడిగి తెలుసుకున్నారు.

ఇషా వేళకు దూద్ బౌలి దాకా వచ్చి, ఒక ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కట్లు, చాయ్ తీసుకున్నాము. పురానాపూల్ ఇంకొంచెం దూరమే అయినా నానీ మోకాళ్లు ఒప్పుకోలేదు. మాస్టర్ సాబ్ పిల్లలను వరుసగా ఒక్కొక్క ప్రశ్న అడగమన్నారు. ఎనిమిదేళ్ల మా చిన్నవాడు, ఈ బాట పట్టుకుని పోతే మచిలీపట్నం ఎన్ని రోజులకు వస్తుందని అడిగాడు. ఎద్దుబండి మీదనా, గుర్రం మీదనా అని ఆయన ఎదురు ప్రశ్న వేశారు. ఆ లెక్క తేలకముందే ఆటో వచ్చింది. ఎక్కుతూ ఎక్కుతూ నానీ పెద్ద మామూతో, వచ్చే ఆదివారం ఇంటి కొలతలు తీయడానికి మనిషిని పిలవమనీ, ఆ రోజు ముగ్గురు కూతుళ్లూ కర్నూలులో ఉండాలనీ చెప్పారు.