కట్టప్ప చేసింది వెట్టేనా?

2015 జూలై 10న ‘బాహుబలి’ విడుదలైంది మొదలు కుర్రకారుకి ఒకటే ధ్యాస: కట్టప్ప ఎందుకు చంపాడు? 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా, అబ్బో, ఎన్ని ఊహాగానాలు! చచ్చింది అసలు బాహుబలే కాదన్నవాళ్లూ ఉన్నారు.

ఆ రోజుల్లో ఓ వ్యాసం పనిమీద గూడెం కొత్తవీధి వెళ్లాను. టీ బడ్డీ దగ్గరా ఇదే రభస. ఓ గిరిజన కుర్రాడు మాత్రం తాపీగా, “ఇందులో ఏటుంది సార్? ఆడు బానిస. చంపమంటే చంపాల. మా ముత్తాతల్ని రోడ్డు పనికి తోలినప్పుడు ఎందుకని అడగనిచ్చారా?” అన్నాడు.

నర్సీపట్నం నుంచి కొండమీదికి రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ వాళ్లతో వెట్టి చేయించాడు. 1922లో అల్లూరి పితూరీకి అదీ ఓ కారణమే.

అన్నట్టు, తాతలిచ్చిన మాటకి కట్టుబడ్డానని మొదటి భాగంలోనే కట్టప్ప అస్లంఖాన్‌తో చెప్పాడు. మనం కత్తుల విన్యాసం చూస్తూ ఆ ముక్క వదిలేశాం. చివరికి తేలిందీ అదే: శివగామి ఆజ్ఞ! సినిమా దాన్ని విశ్వాసం అంది. కుర్రాడి మాటే నాకు నిజమనిపించింది.

రెండో భాగం చూసి ఫోన్ చేశాడు: “పట్టాభిషేకం అయింది సరే, కట్టప్పకి విడుదల రాసిచ్చారా సార్?”