సాగుట, ఆగుట: కంకరబాట నేర్పిన ధర్మసూక్ష్మం



మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వం పరిమాణంలో మిక్కిలి చిన్నది. అందులోని ధర్మసందేహం మాత్రం మిక్కిలి పెద్దది. హిమవంతాన్ని దాటి సాగిపోతున్న వేళ ముందుగా ద్రౌపది, ఆ వెనుక సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు ఒకరి తరువాత ఒకరు నేలకొరిగారు. ధర్మరాజు వెనుదిరిగి చూడలేదు. ఆ ధర్మరాజే, ఇంద్రుడు రథంతో వచ్చి ఎక్కుమన్నప్పుడు, తన వెంట నడచి వచ్చిన శునకాన్ని విడిచి స్వర్గానికైనా రానన్నాడు. తమ్ముల కోసం ఆగనివాడు ఒక కుక్క కోసం ఆగాడు. ఇందులో వైరాగ్యమేది, కారుణ్యమేది? సాధకుడు ఎప్పుడు సాగాలి, ఎప్పుడు ఆగాలి?

ఈ ప్రశ్న ఒక తెలుగు గృహస్థుకు గ్రంథపఠన సమయంలో కలుగలేదు. అమెరికా దేశంలో, న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఎండు కొండల నడుమ, కంకరబాటపై సైకిలు తొక్కుతుండగా కలిగింది.

ఆయన జన్మస్థలం నంద్యాల జిల్లా ఆత్మకూరు ప్రాంతం. ఉద్యోగరీత్యా చాలాకాలంగా అమెరికాలో నివాసం. నలభై దాటిన తరువాత సైకిలు ప్రయాణం ఆయనకు ఒక వ్రతమైంది. కెనడాలోని పర్వతసీమ నుండి మెక్సికో సరిహద్దులోని ఆంటిలోప్ వెల్స్ వరకు ‘గ్రేట్ డివైడ్ మౌంటెన్ బైక్ రూట్’ అనే మార్గం ఉంది. దానిని అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్ అనే సంస్థ 1990వ దశకంలో గుర్తించి పటాలు తయారుచేసింది. 4,000 కిలోమీటర్లకు పైబడిన ఆ మార్గంలో అధికభాగం మట్టిబాటలు, కంకరబాటలే. ఖండాన్ని రెండుగా విభజించే జలవిభాజక రేఖను అది అనుసరిస్తుంది. ఆ రేఖకు ఒక వైపు కురిసిన చినుకు అట్లాంటిక్ సముద్రాన్ని, మరొక వైపు కురిసినది పసిఫిక్ సముద్రాన్ని చేరుతుంది. ఒకే మేఘం నుండి పుట్టిన రెండు బిందువుల గతి వెంట్రుకవాసిలో మారిపోతుంది.

న్యూ మెక్సికోలో ఈ మార్గం సుమారు 1,100 కిలోమీటర్లు. దానిని ఒకే యాత్రలో పూర్తి చేయాలని ఆయన సంకల్పించాడు. తోడుగా ఆయనకంటే పదేళ్ళు పెద్దవాడైన మరొక తెలుగు మిత్రుడు బయలుదేరాడు. ఇద్దరూ అన్నదమ్ముల వలె పిలుచుకునేవారు.

కంకరబాటకు ఒక స్వభావం ఉంది. వాహనాలు నడిచిన చోట బాటకు అడ్డంగా, అలల వలె, దగ్గర దగ్గరగా మిట్టపల్లాలు ఏర్పడతాయి. వాటిని ఎవరూ తవ్వరు. కొంత వేగానికి మించి తిరిగే చక్రమే వాటిని పుట్టిస్తుంది. అవి మరుసటి చక్రాన్ని ఎగురవేస్తాయి. ఎగిరి పడిన ఆ చక్రం వాటిని మరింత లోతు చేస్తుంది. యంత్రంతో చదును చేసినా, రాకపోకలు అదే వేగంతో సాగితే అవి మరల పుడతాయి. వాసనలను గురించి మన పెద్దలు చెప్పినది ఇదే కదా! కర్మ వలన సంస్కారం, సంస్కారం వలన మరల కర్మ. తీర్థస్నానంతో ఒకనాడు చదునైన మనస్సు, పాత వేగం తగ్గకపోతే, మళ్ళీ అలలు కడుతుంది.

ఆయనలోని వాసన ముందుకు పోవడం. చదువులోనూ, ఉద్యోగంలోనూ ఆయనను నిలబెట్టినది అదే.

ఆబిక్యూ అనే చిన్న గ్రామం దగ్గర చామా నదిని దాటిన తరువాత బాట హేమెజ్ పర్వతాలలోకి ఎక్కుతుంది. అక్కడి నుండి క్యూబా అనే ఊరు సుమారు 120 కిలోమీటర్లు. నడుమ పోల్వడేరా మీసా అనే ఉన్నతభూమి సముద్రమట్టానికి దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. క్రింద పొట్టి జూనిపర్ చెట్లు, ముళ్ళపొదలు. పైకి పోయిన కొద్దీ పాండెరోసా అనే సరళవృక్షాలు. ఎండలో వాటి బెరడు నుండి తియ్యని వాసన వస్తుంది. నీరు అరుదు. మనిషికి నాలుగైదు లీటర్లు మోయక తప్పదు. ఆపైన పశువుల కోసం కట్టిన తొట్లలోనో, సన్నని వాగులోనో దొరికినది వడపోసుకొని త్రాగాలి.

మధ్యాహ్నానికి పెద్దాయనకు తలనొప్పి, వికారం మొదలైనాయి. ఎత్తు, ఎండ, దాహం మూడూ కలిశాయి. “తమ్ముడూ, నువ్వు సాగిపో. నేను మెల్లగా వస్తాను” అన్నాడాయన. ఆ మాటలో ఉన్నది మర్యాద మాత్రమే అని తెలియడానికి పాండిత్యం అక్కరలేదు. తెలిసినా చిన్నాయన సాగిపోయాడు. రెండు గంటలు తొక్కాడు. ఎవరి యాత్ర వారిదే కదా, ఎవరి కర్మ వారిదే కదా అని వేదాంతవాక్యాలు మనస్సులో వరుసకట్టాయి. అహంకారానికి అవసరమైనప్పుడు వేదాంతం ఎంత సులభంగా లభిస్తుందో!

అది వర్షర్తువు. ఆ దేశంలో జూలై నుండి సెప్టెంబరు వరకు మధ్యాహ్నం దాటాక హఠాత్తుగా ఉరుములు, వాన. పావుగంట కురిసేసరికి బాట బంకమన్నుగా మారింది. మన్ను చక్రాలను చుట్టి, ఫోర్కులో గట్టిగా ఇరుక్కొని, సైకిలును కదలనీయలేదు. తొక్కడమే కాదు, నెట్టడం కూడా అసాధ్యమైంది. ఆకలికి ఏదైనా తిందామని సంచి విప్పాడు. పైననే నీటిని వడపోసే సాధనం కనిపించింది. ఇద్దరికీ కలిపి తెచ్చుకున్నది ఆ ఒక్కటే. అది తన సంచిలో ఉంది. ఎండిన సీసాలతో పెద్దాయన వెనుక ఉన్నాడు.

సైకిలును అక్కడే వదిలి ఆయన వెనుకకు నడిచాడు. అంగుళం మందాన అంటుకున్న మట్టితో చెప్పులు రాళ్ళవలె బరువెక్కాయి. చీకటి పడుతుండగా ఒక చెట్టు మొదట పట్టా కప్పుకొని కూర్చున్న మిత్రుడు కనిపించాడు. చిన్నాయన వాగులో నీళ్ళు పట్టి, వడపోసి ఇచ్చాడు. ఆయన త్రాగి, “వచ్చినావా” అని మాత్రం అన్నాడు. నిష్ఠురమాడలేదు. నిష్ఠురమాడి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేదేమో.

నిద్ర పట్టని ఆ రాత్రి చిన్ననాటి శ్రీశైలయాత్ర గుర్తుకు వచ్చింది. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మీదుగా నల్లమలలో అవ్వతో కలిసి శివరాత్రి నడక. భీముని కొలను దాటి కైలాసద్వారానికి ఎక్కే మెట్ల మీద ఎవరో ముసలామె కూలబడింది. అవ్వ ఆమె పక్కనే కూర్చుంది. స్వామి దర్శనం తప్పిపోతుందని పిల్లవాడు ఏడ్చాడు. “స్వామి యాడికీ పోడులేరా నాయనా. ఈయమ్మను ఈడ ఇడిచిపెడితే ఎట్ల వస్తాది?” అన్నది అవ్వ. ఆమెకు అక్షరజ్ఞానం లేదు.

మరునాడు ఎండ కాసింది. ముందురోజు కదలనీయని బాట మధ్యాహ్నానికి గట్టిపడింది. వదిలిన సైకిలు కోసం ఆయన పైకి నడిచాడు. అది నిలిచిన చోటికి ముందు బాట నిర్మలంగా పరచుకొని ఉంది. “ఇక్కడినుండి దిగుడే కదా, నేను దిగిపోగలను. నువ్వు పూర్తి చేసుకో” అని మిత్రుడు ఉదయమే చెప్పి ఉన్నాడు. ఈసారి బురద లేదు, వాన లేదు, అడ్డు లేదు. ఆయన కాసేపు ఆ బాట వైపు చూశాడు. తరువాత సైకిలును క్రిందికి తిప్పాడు. ఇద్దరూ కలిసి ఆబిక్యూకు దిగారు. సంకల్పించిన యాత్ర అక్కడే ముగిసింది. దిగినకొద్దీ పెద్దాయన తేరుకున్నాడు.

మొదటి ఆగుట బురద చేసిన ఉపకారం. అది ఆయన ఖాతాలో చేరదు. వాన రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఆయనకు బాగా తెలుసు. రెండవ ఆగుట మాత్రం ఆయనది.

ఇప్పుడు ధర్మరాజు వద్దకు రావాలి. సోదరులను విడిచినవాడికి కుక్క మీద ఈ పట్టుదల ఏమిటని ఇంద్రుడూ అడిగాడు. ధర్మరాజు సమాధానం స్పష్టం: వారు మరణించారు, వారిని బ్రతికించడం తన చేతిలో లేదు, బ్రతికి ఉండగా వారిని తాను విడువలేదు. ఈ శునకం బ్రతికి ఉంది, తనను ఆశ్రయించి ఉంది. వైరాగ్యానికీ కాఠిన్యానికీ నడుమనున్న జలవిభాజక రేఖ ఇదే. చేయగలిగినది ఏమీ మిగలని చోట ఆగడం మోహం. చేయవలసినది మిగిలి ఉన్న చోట సాగడం అహంకారం. పైకి రెండు నడకలూ ఒకటిగానే కనిపిస్తాయి. అవి చేరే సముద్రాలు వేరు.

ఈ పరీక్షకు కొండలు ఎక్కనక్కరలేదు. జపసంఖ్య ఇంకా పూర్తి కాలేదు; పక్కగదిలో మంచం పట్టిన తల్లి నీళ్ళడిగింది. ఆ క్షణంలో మాల ఆగాలా, సాగాలా? ధర్మరాజు వెంట కడదాకా వచ్చిన శునకం చివరకు సాక్షాత్తు ధర్మదేవతయై నిలిచింది. మన వెనుక నడవలేక నిలిచిపోయినవారి రూపంలో ఎవరున్నారో మనకు ముందుగా తెలియదు. తెలియకుండానే ఆగాలి. అవ్వ అలాగే ఆగింది.

సర్వం శివార్పణమస్తు.