తాతయ్య దాటలేని గడప

"సైన్సు విద్యార్థివి గదా, ఏదైనా సైన్సు వ్యాసం రాసివ్వవోయ్" అన్నారు మా యూనియన్ మిత్రులు. సైన్సే రాస్తున్నాను. కాకపోతే ఇది మా ఇంటి గడప దగ్గర మొదలవుతుంది.

మాది మెట్ట సేద్యం. గొర్రు తోలేటప్పుడు జడ్డిగంలో గింజలు వదిలే పని మా తాతయ్య ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. ఆ పిడికిట్లోంచి గింజ జారడం గడియారం ముల్లు నడిచినట్టుండేది. మొలక వచ్చాక చూస్తే ఎక్కడా ఒత్తు లేదు, ఎక్కడా సందు లేదు.

2022 తొలకరి నాటికి ఆ కుడిచెయ్యే వణకడం మొదలయింది. ఊరికే కూర్చుంటే బొటనవేలూ చూపుడువేలూ గింజ నలుపుతున్నట్టు ఆడేవి. చేతికి పని చెబితే వణుకు తగ్గేది. టౌనులో ఒక డాక్టరు వయసు మీద పడిందని చెప్పి బలానికి సూదులు వేశాడు. అలా ఏడాది గడిచింది. అడుగులు పొట్టివయ్యాయి. గడప దగ్గరకు రాగానే కాళ్ళు నేలకు అంటుకుపోయినట్టు నిలబడిపోయేవాడు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాను. శనగకు దున్నిన చేలో మా తాతయ్య ఒక్కొక్క చాలూ దాటుకుంటూ పోవడం నా కళ్ళతో నేను చూశాను. మామూలు మనిషిలాగే నడిచాడు. సాయంత్రం ఇంటికొచ్చి గడప ముందు మళ్ళీ ఆగాడు. వెనక చుట్టాలు నిలబడి ఉన్నారు. నాకు తల తీసేసినట్టయింది.

"చేలో అన్ని చాళ్ళు దాటినవాడివి, గడప దాటలేవా తాతా? ఎందుకీ నాటకం?" అనేశాను.

"నోరు ముయ్యరా" అంది నాయనమ్మ. తాతయ్య మాత్రం ఏమీ అనలేదు. ఆ రాత్రి నుంచి మంచం వసారాలోకి మార్పించుకున్నాడు. అన్నం కూడా అక్కడే.

సెలవులు అయిపోయాక మా జువాలజీ లెక్చరరుగారు నాడీవ్యవస్థ పాఠం మొదలుపెట్టారు. బోర్డు మీద రెండు తోకకప్పల్లాంటివి గీశారు. తల ముందుకు, తోక వెనక్కి పోయి కిందికి వంగి ఉంటుంది. మెదడు లోతుల్లో అటొకటి, ఇటొకటి. అదే కాడేట్ న్యూక్లియస్, అంటే తోక ఉన్న కేంద్రకం. పక్కనే పుటామెన్ ఉంటుంది. రెంటినీ కలిపి స్ట్రయేటమ్ అంటారు. పైన మెదడు పొరలో ఒకేసారి ఎన్నో ఆలోచనలు, ఎన్నో కదలికలు తయారవుతుంటాయి. వాటిలో దేన్ని వదలాలి, దేన్ని ఆపాలి అని తేల్చే పనిలో స్ట్రయేటమ్‌కు పెద్ద పాత్ర ఉంది. మన ఊళ్ళలో కాలవ తూము దగ్గర కూర్చునే మనిషి లాంటిదనుకోండి. ఆ తూము తెరుచుకోవడానికి డోపమిన్ కావాలి. మధ్య మెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా కణాలు దాన్ని తయారుచేసి పైకి పంపుతాయి. ఆ కణాలు చచ్చిపోతూ వస్తే పార్కిన్సన్ జబ్బు. పుటామెన్‌కు ముందుగా, ఎక్కువగా కొరత వస్తుంది. అందుకే కాళ్ళూ చేతులూ మొరాయిస్తాయి. కాడేట్‌కు కూడా తగ్గేసరికి ఒక ఆలోచన నుంచి ఇంకో ఆలోచనకు మారడం కష్టమవుతుంది. పత్తి లెక్క చెబుతూ మధ్యలో నోటు లెక్క అడిగితే తాతయ్య తడబడటం నాకు అప్పుడు గుర్తొచ్చింది.

(ఇదే కాడేట్ కృశించిపోతే వచ్చే హంటింగ్టన్ జబ్బు దీనికి తిరకాసు. దానిలో వద్దన్నా కాళ్ళూ చేతులూ ఆగవు. 1872లో దాన్ని వర్ణించి రాసిన జార్జి హంటింగ్టన్‌కు అప్పటికి 22 ఏళ్ళు. మనకంటే రెండేళ్ళు పెద్ద, అంతే!)

పాఠం చివర ఆయన మామూలుగా ఒక మాట అన్నారు. "ఈ రోగులు గుమ్మాల దగ్గర బిగుసుకుపోతారు. కానీ నేలమీద అడ్డంగా గీతలుంటే చక్కగా దాటతారు. కంటికి గుర్తు కనిపిస్తే మెదడు వేరే దారిలో అడుగు వేయిస్తుందని అనుకుంటున్నారు."

చేలో చాళ్ళు! నా కలం ఆగిపోయింది. తర్వాత ఆయన ఏం చెప్పారో నా నోట్సులో లేదు.

ఆ వారమే నాన్నా నేనూ తాతయ్యను నరాల డాక్టరుకు చూపించాం. లెవోడోపా బిళ్ళలు రాశారు. డోపమిన్ రక్తంలోంచి మెదడులోకి పోలేదు, లెవోడోపా పోగలదు, అక్కడికి చేరి డోపమిన్‌గా మారుతుంది. మన కంచెల మీద పాకే దూలగొండి గింజల్లో ఉండేది ఈ పదార్థమేనట. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దాన్ని విడదీశారు. దానివల్ల ఏం ప్రయోజనమో అప్పటికి తెలియదు. వియన్నాలో హార్నికివిచ్, పార్కిన్సన్‌తో పోయినవారి కాడేట్, పుటామెన్‌లలో డోపమిన్ బాగా తగ్గిపోయి ఉందని 1960లో చూపించాకే దారి తెలిసింది. ఇది విని మా బాబాయి "అయితే బిళ్ళలెందుకురా, గింజలే నూరి పోద్దాం" అన్నాడు. ఏ గింజలో ఎంత ఉందో ఎవరు తూచారు బాబాయ్ అని ఆపాల్సి వచ్చింది. నాయనమ్మ బిళ్ళను పాలతో ఇచ్చేది. పాలూ పప్పూ లాంటి మాంసకృత్తులు మందును సరిగా లోపలికి పోనివ్వవని డాక్టరు చెబితే, ఇప్పుడు అన్నానికి అరగంట ముందు నీళ్ళతో ఇస్తోంది. వణుకు తగ్గింది. జబ్బు ముదరడాన్ని ఈ మందు ఆపదని కూడా డాక్టరు దాచకుండా చెప్పాడు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ముగ్గుపిండి తీసుకుని వసారా నుంచి గడప దాకా అడ్డంగా గీతలు గీశాను. తాతయ్య లేచి వచ్చి వాటిని కాసేపు చూశాడు. ఒకటి దాటాడు. రెండోది దాటాడు. గడప కూడా దాటాడు.

"ఇంత దగ్గరదగ్గరగా చాళ్ళు తోలింది ఎవడ్రా?" అన్నాడు లోపల్నుంచి.

"నేనే తాతా" అన్నాను. ఇంకో మాట కూడా అందామని గడప దాకా వెళ్ళాను. అప్పటికే ఆయన మంచం లోపల వెయ్యమని నాయనమ్మను కేకేస్తున్నాడు.